మానాల్సింది అయోడిన్‌ని, ఉప్పుని కాదు

గుంటూరు నుంచి ఒక కోడలు రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి సారాంశం మాత్రమే ఇస్తున్నాం.

వాళ్ళ అత్తగారికి 59 ఏళ్ళు. మెడలో గడ్డ కనిపించింది, సూది పరీక్షలో పాపిలరీ థైరాయిడ్ క్యాన్సర్ అని తేలింది. ఐదు వారాల కిందట గ్రంథి మొత్తం తీసేశారు. ఆపరేషన్‌కి రెండు వారాల ముందు మెడకి మందు ఎక్కించి సీటీ స్కాన్ కూడా తీశారు. ఇంకో మూడు వారాల్లో విజయవాడలో రేడియో అయోడిన్, అంటే రేడియేషన్ ఉండే అయోడిన్ మందు ఇస్తామన్నారు. అందుకోసం థైరాయిడ్ మాత్ర ఆపించి వారం అయింది. ఆసుపత్రిలో ఇచ్చిన కాగితం మీద ఇంగ్లీషులో మూడే ముక్కలున్నాయి: అయోడైజ్డ్ ఉప్పు వద్దు, పాలపదార్థాలు వద్దు, సముద్రపు చేపలు వద్దు. చికిత్సకి రెండు వారాల ముందు నుంచి పాటించాలని రాశారు.

తెనాలిలో ఉండే ఆడపడుచు వచ్చి, ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిదని, అసలు ఏ ఉప్పూ తగలనివ్వొద్దని చెప్పి వెళ్ళారు. ఆరు రోజులుగా అత్తగారు చప్పిడి అన్నమే తింటున్నారు. బీపీ మాత్ర మాత్రం రోజూ వేసుకుంటున్నారు. రెండు రోజులుగా లేచి నిలబడితే తల తిరుగుతోందట, వికారంగా ఉంటోందట, పగలంతా మగతగా పడుకుంటున్నారట. మామగారేమో సైంధవ లవణం వేస్తే సరిపోతుందంటారు. అదీ ఉప్పేగా అని ఆడపడుచు. రెండు వంటలు కష్టమని భర్త ఇంట్లో అందరికీ ఒకే చప్పిడి వంట చేయమన్నారు. ఉత్తరం రాసినావిడకి ఐదో నెల. నాలుగేళ్ళ బాబు కూడా ఉన్నాడు. ఈ ఏడాది ఆవకాయ పెట్టలేకపోతున్నానని అత్తగారి బెంగ. మధ్యలో ఒక పెళ్ళి ఉంది. ఉత్తరం చివర్లో ఒక వాక్యం: "గొంతు బొంగురుగా ఉందని పది రోజులుగా బెటాడిన్‌తో పుక్కిలిస్తున్నారు, అది మంచిదేగా?" చికిత్సయ్యాక రేడియేషన్ ఉంటుందని మంగళగిరిలోని పుట్టింటివాళ్ళు రమ్మంటున్నారు. అత్తకి బాగాలేనప్పుడు పుట్టింటికి పోతుందా అని ఇక్కడి మాట. ఏ ఉప్పు వాడాలి, ఏం వండాలి, వెళ్ళాలా వద్దా అని అడుగుతున్నారు.

అమ్మా, మీరు అడిగినవాటిలో ఒకటి మాత్రం ఇవాళే తేల్చుకోవాలి. అది మీ అత్తగారి తలతిరుగుడు. దాన్ని ముందు చూద్దాం.

థైరాయిడ్ మాత్ర ఆపాక నీరసం, మలబద్ధకం, మగత రావడం మామూలే. కానీ థైరాయిడ్ హార్మోన్ తగ్గినప్పుడు కిడ్నీలు ఒంట్లోని అదనపు నీటిని సరిగ్గా బయటికి పంపలేవు. రక్తంలో సోడియం పలచబడుతుంది. అలాంటి సమయంలో ఉప్పు పూర్తిగా మానేశారు. పైగా మన ఎండలు, చెమట. బీపీ మాత్ర అట్ట మీద పేరు చివర హెచ్ అని గానీ సీటీ అని గానీ ఉందేమో చూడండి. ఉంటే అందులో హైడ్రోక్లోరోథయజైడ్ గానీ క్లోర్‌థాలిడోన్ గానీ ఉండి ఉంటుంది. మనవాళ్ళు నీళ్ళ మాత్ర అనేది దాన్నే. అది మూత్రంతోపాటు సోడియాన్ని కూడా పంపేస్తుంది. ఇవన్నీ కలిస్తే 60కి దగ్గరపడిన మనిషిలో సోడియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. రేడియో అయోడిన్‌కి తయారవుతూ ఇలా ఆసుపత్రి పాలైనవాళ్ళ సంగతి వైద్య పత్రికల్లో నమోదై ఉంది.

ఇవాళే ల్యాబులో సీరం ఎలక్ట్రోలైట్స్ చేయించండి. సోడియం 135 నుంచి 145 మధ్య ఉండాలి. 135 కంటే తగ్గితే ఆపరేషన్ చేసిన డాక్టరుకో, బీపీ డాక్టరుకో అదే రోజు చెప్పండి. బీపీ మాత్ర కొనసాగించాలా మార్చాలా అన్నది వాళ్ళే చెప్పాలి, మీ అంతట మీరు ఆపొద్దు. వాంతులు, తికమక మాటలు, మాట తడబడటం, ఫిట్స్, లేపినా లేవకపోవడం, వీటిలో ఏది కనిపించినా రిపోర్టు కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. నీరసంగా ఉందని చెంబులకొద్దీ నీళ్ళు తాగించకండి. సోడియం తగ్గిన మనిషికి అది మరింత చేటు.

ఈ పూట వంటలో ఇంట్లో ఉన్న మామూలు ఉప్పే వెయ్యండి. కంగారు అక్కర్లేదు. పథ్యం రెండు వారాల ముందు నుంచని కాగితం మీదే ఉంది. ఇంకా వారం టైముంది. ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిదన్నది మీ ఆడపడుచు ప్రేమ కొద్దీ చెప్పిన మాటే గానీ, దాని వల్ల ఒరిగేదేమీ లేదు. వారం నుంచి రెండు వారాలు కచ్చితంగా పాటిస్తే చాలన్నదే ఎక్కువ చోట్ల ఉన్న పద్ధతి.

ఇక అసలు గందరగోళం. అయోడిన్ మానమని చెప్పి, అయోడినే మందుగా ఇవ్వడమేమిటని మీకూ అనిపించి ఉంటుంది. థైరాయిడ్ కణాలకి రక్తంలోంచి అయోడిన్‌ని లోపలికి లాక్కునే గుణం ఉంది. ఆపరేషన్ తర్వాత మిగిలిపోయిన కాస్త కణజాలానికీ, ఎక్కడైనా దాగిన క్యాన్సర్ కణాలకీ చాలావరకు ఆ గుణం ఉంటుంది. రేడియో అయోడిన్, అంటే అయోడిన్-131, ఆ దారినే లోపలికి వెళ్ళి వాటిని చంపుతుంది. అయితే ఉప్పులోంచి వచ్చిన అయోడిన్ ఏదో, మందు అయోడిన్ ఏదో కణానికి తెలియదు. సంక్రాంతి ముందు రోజు హైదరాబాదు నుంచి వచ్చే బస్సులాంటిదే ఇదీ. సీట్లు ముందే నిండిపోతే తర్వాత ఎక్కినవాడికి చోటుండదు. ఆ సీట్లు ఖాళీ చేయడానికే ఈ రెండు వారాలు. థైరాయిడ్ మాత్ర ఆపడం కూడా ఇందుకే. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే మెదడు కింది పిట్యూటరీ గ్రంథి, థైరాయిడ్‌ని పనిచేయించే టీఎస్‌హెచ్ అనే ఇంకో హార్మోన్‌ని పెంచుతుంది, అది ఆ కణాలని అయోడిన్ కోసం ఆత్రపెడుతుంది. చికిత్స నాటికి టీఎస్‌హెచ్ 30 దాటాలని చూస్తారు.

లెక్క చిన్నదే. మామూలు పెద్దమనిషికి రోజుకు 150 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి. పథ్యంలో దాన్ని 50కి లోపు ఉంచాలి. మన దేశంలో అయోడైజ్డ్ ఉప్పు వంటింటికి చేరేసరికి గ్రాముకి కనీసం 15 మైక్రోగ్రాములు ఉండాలి, 30 దాకా ఉండవచ్చు. చదునుగా ఒక చెంచా ఉప్పు 5 గ్రాములనుకుంటే అందులోనే 75 నుంచి 150 దాకా ఉంటుంది. అంటే అయోడైజ్డ్ ఉప్పు ఒక్కటే కోటా దాటించేస్తుంది. అందుకే దాన్ని మార్చమన్నారు. మానమనలేదు, మార్చమన్నారు. సోడియం క్లోరైడ్‌తో, అంటే అసలు ఉప్పుతో ఈ చికిత్సకి పేచీ లేదు.

మరి ఏ ఉప్పు? ఇక్కడే మన ఊళ్ళలో చిక్కు. 2006 మే 17 నుంచి అయోడిన్ కలపని ఉప్పుని నేరుగా తినడానికి అమ్మకూడదని దేశమంతటా నిబంధన ఉంది. కాబట్టి కిరాణా కొట్టులో అడిగితే లేదనే చెబుతారు. మీ ముందున్న దారులు ఇవీ.

అన్నిటికన్నా నిశ్చింతైనది చికిత్స చేసే న్యూక్లియర్ మెడిసిన్ విభాగాన్నే అడగడం. కొన్ని చోట్ల వాళ్ళే ఇస్తారు, లేదా ఎక్కడ దొరుకుతుందో చెబుతారు. రెండోది మీ మామగారు చెప్పిన సైంధవ లవణం. ఆయన మాట తప్పు కాదు, ఒక్క జాగ్రత్త ఉంది. సైంధవంలో సహజంగా అయోడిన్ చాలా తక్కువే, కానీ కొన్ని కంపెనీలు దానికీ కలుపుతాయి. ప్యాకెట్టు ముందు వైపు అందమైన అక్షరాలు కాదు, వెనక సన్న అక్షరాల్లో పొటాషియం అయోడేట్ అనో, అయోడైజ్డ్ అనో ఉందేమో చదవండి. నవ్వుతున్న సూర్యుడి గుర్తు ఉన్నా కలిపినట్టే. మూడోది కల్లుప్పు. చినగంజాం కొటార్ల నుంచి వచ్చిందంటూ బస్తాలోంచి తీసి అమ్మే ఉప్పులో అయోడిన్ ఉందో లేదో చూపుకి తెలియదు. గుండ ఉప్పయితే కలుపుతారు, రాళ్ళయితే కలపరు అనుకోవడం ఇప్పుడు కుదరదు. ప్యాకెట్టు కల్లుప్పు చాలావరకు అయోడైజ్డే.

అనుమానం ఉంటే పరీక్షించవచ్చు. ఊళ్ళలో ఉప్పు పరీక్షకి వాడే చిన్న కిట్టు ఉంటుంది, మీ వీధి ఆశా కార్యకర్తని అడిగి చూడండి. పొడి ప్లేటులో చెంచాడు ఉప్పు పరిచి, ద్రావణం ఒక చుక్క వెయ్యాలి. అయోడిన్ ఉంటే నిమిషంలో ఊదా రంగు వస్తుంది. రాకపోతే అక్కడితో లేదనుకోకండి. కిట్టులోనే ఉండే రీచెక్ ద్రావణాన్ని కొత్త ఉప్పు మీద ఒక చుక్క వేసి, దానిమీదే మొదటి ద్రావణం వెయ్యాలి. ఉప్పులో క్షారం ఉంటే మొదటిసారి రంగు దాక్కుంటుంది. రెండోసారీ తెల్లగానే ఉంటే ఆ ఉప్పు వాడుకోవచ్చు. ఉప్పుని పెనం మీద వేయిస్తే అయోడిన్ పోతుంది, మూత తీసి ఎండలో పెడితే పోతుంది అని ఎవరైనా చెబితే నమ్మకండి. మన ఉప్పులో కలిపేది అయోడేట్, అది అంత తేలిగ్గా పోయేది కాదు. కొంత పోయినా ఎంత పోయిందో మీకు తెలియదు.

ఎంత కొనాలి అంటారా? రోజుకు 5 గ్రాముల చొప్పున 14 రోజులకి 70 గ్రాములు. పావుకిలో తెచ్చుకుంటే మిగులుతుంది.

ఇప్పుడు మీ ఇంట్లో ఎవరూ అడగని మాట ఒకటి. అందరికీ అదే వంట చేయమని మీవారు అన్నారు కదా. దానికి మాత్రం ఒప్పుకోకండి. గర్భిణికి రోజుకు 250 మైక్రోగ్రాముల అయోడిన్ కావాలి, అందరికన్నా ఎక్కువ. కడుపులో బిడ్డ మెదడు ఎదగడానికి అది తప్పనిసరి. నాలుగేళ్ళ పిల్లాడికి 90 కావాలి. మీ ముగ్గురిలో ఒకరికి అయోడిన్ వద్దు, ఇద్దరికి ఇప్పుడే కావాలి. మీరు, బాబు అయోడైజ్డ్ ఉప్పు, పాలు, పెరుగు, గుడ్డు మామూలుగా తినాలి.

అయినా రెండు వంటలు అక్కర్లేదు. పప్పు, కూర, చారు అన్నీ ఉప్పు వెయ్యకుండా వండండి. దింపే ముందు అత్తగారి వాటా వేరే గిన్నెలోకి తీసి అందులో ఆవిడ ఉప్పు, మిగతాదానిలో ఇంటి ఉప్పు. ఇడ్లీ పిండికి కూడా అంతే, రుబ్బాక ఉప్పు కలపకముందే రెండు గిన్నెల్లోకి తీయండి. రెండు ఉప్పులూ ఒకేలా ఉంటాయి. ఆవిడ ఉప్పుని వంటగట్టు మీద కాకుండా వేరే అరలో, పేరు రాసిన సీసాలో, దాని చెంచా దానిలోనే ఉంచి పెట్టండి. సాయానికి వచ్చినవాళ్ళు అలవాటు కొద్దీ గట్టు మీది డబ్బాలో చెయ్యి పెట్టేస్తారు. పథ్యం తప్పేది ఎక్కువగా అలాగే.

ఉప్పు మార్చాక కూడా అయోడిన్ దొంగదారుల్లో వస్తుంది. మన వంటిల్లు మరీ. మొదటిది కారం. మర పట్టించేటప్పుడు పురుగు పట్టకుండా ఉప్పు కలిపించడం మనకి అలవాటు, ఏ ఉప్పు కలిపారో ఇప్పుడు ఎవరికీ గుర్తుండదు. రెండు వారాలకి ఆవిడ కోసం నూరు గ్రాముల ఎండుమిర్చి మిక్సీలో ఉట్టిగా కొట్టుకోండి. గుంటూరులో మిరపకాయలకి కరువా! రెండోది చింతపండు. గింజ తీసి, నల్లబడకుండా ఉప్పు కలిపి జాడీలోకి తొక్కినదైతే అది వద్దు. ఉప్పు కలపని కొత్త చింతపండు దొరక్కపోతే పులుపుకి మామిడికాయ, టమాటా, నిమ్మరసం ఉన్నాయి. ఊరమిరపకాయలు, వడియాలు, అప్పడాలు, కొట్టు పచ్చళ్ళు, పొడులు, కారప్పూస అన్నీ పక్కన పెట్టాలి. మరమరాలు చప్పగానే ఉంటాయిగా అనుకుంటారు, కానీ వేయించే ముందు బియ్యానికి ఉప్పునీళ్ళు పట్టిస్తారు. వేయించిన ఉప్పు పల్లీలూ అంతే, పచ్చి పల్లీలు తెచ్చి ఇంట్లో వేయించండి. బ్రెడ్డు, బిస్కట్లు, బేకరీ సరుకు, హోటల్ టిఫిన్లు వద్దు. కేకుల మీద పెట్టే ఎర్రెర్రని చెర్రీలకి వేసే ఒక రంగులోనే అయోడిన్ ఉంటుంది. సోయా కూడా మానమనే చెబుతారు.

మీరు చివర్లో ఒక్క వాక్యంగా రాసిన విషయానికి వస్తాను. రేడియో అయోడిన్ పనిచేయడం వరకు చూస్తే, నా దృష్టిలో మీ ఉత్తరం మొత్తంలో అన్నిటికన్నా పెద్దది అదే. బెటాడిన్ అంటే పోవిడోన్ అయోడిన్. పుక్కిలించే 2 శాతం మందులో ఒక్క మిల్లీలీటరుకి సుమారు 2 మిల్లీగ్రాముల అయోడిన్ ఉంటుంది, అంటే 2000 మైక్రోగ్రాములు. అది 40 రోజుల పథ్యం కోటా. నోటి లోపలి చర్మం దాన్ని పీల్చుకుంటుంది, కొంత మింగేస్తాం కూడా. ఒకవైపు చప్పిడి అన్నం పెట్టి, మరోవైపు పూటకోసారి ఇది. ఎవరి తప్పూ కాదు, మూడు ముక్కల కాగితంలో ఇది లేదు. పథ్యం చెప్పేవాళ్ళు తిండి ఒక్కటే రాసి మందుల షాపు సంగతి వదిలేయడం నాకు నచ్చని పద్ధతి.

దాన్ని ఇవాళే ఆపండి. గొంతుకి గోరువెచ్చని నీళ్ళలో ఆవిడ ఉప్పు వేసి పుక్కిలిస్తే సరిపోతుంది. కుట్ల దగ్గర గోధుమరంగు ఆయింట్‌మెంటు రాస్తుంటే అదీ ఆపి, వేరేది అడగండి. తర్వాత విజయవాడ ఆసుపత్రికి ఫోన్ చేసి, పది రోజులు పుక్కిలించారని, ఎప్పుడు ఆపారో తేదీతో సహా చెప్పండి. వాళ్ళు రెండు రకాలుగా అనవచ్చు. ఇంకా మూడు వారాలుంది కదా అని అనుకున్న తేదీకే ఇవ్వవచ్చు, అవసరమైతే ముందుగా మూత్రంలో అయోడిన్ ఎంతుందో చూస్తారు. లేదా కొన్ని వారాలు వాయిదా వేస్తారు. వాయిదా పడితే థైరాయిడ్ మాత్ర లేకుండా ఇంకొన్ని వారాలు ఈ నీరసం భరించాలి, అదే నష్టం. జబ్బు ముదిరిపోతుందన్న భయం మాత్రం పెట్టుకోకండి. పాపిలరీ రకం సాధారణంగా నిదానంగా పెరిగేది, కొన్ని వారాల తేడాతో ఫలితం తారుమారు కాదు. చెప్పకుండా దాచి అదే తేదీకి వెళ్ళడమే అసలు నష్టం, మందు వృథా అయ్యే అవకాశం ఉంటుంది.

సీటీ స్కాన్‌లో ఎక్కించిన మందులోనూ అయోడిన్ ఉంటుంది, అదీ గ్రాముల లెక్కన. దానికి సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగుతారు. మీరు రాసిన ప్రకారం చికిత్స నాటికి పది వారాలవుతుంది కాబట్టి ఇబ్బంది ఉండకపోవచ్చు. అయినా స్కాన్ రిపోర్టు ఫైలులో పైనే పెట్టి చూపించండి. ఇప్పటినుంచి ఎవరైనా ఏదైనా స్కాన్ రాస్తే, మందు ఎక్కించేదా అని ముందు అడగండి.

మాత్రల సంగతి. గ్రంథి మొత్తం తీశాక కాల్షియం పడిపోయే అవకాశం ఉంటుంది, అందుకే కాల్షియం మాత్రలు ఇస్తారు. పథ్యం పేరుతో అవి ఆపకండి. పాలు, పెరుగు కూడా మానేస్తున్నారు కాబట్టి మరీ ఆపకూడదు. పెదవుల చుట్టూ, వేళ్ళ చివర చీమలు పాకినట్టుంటే కాల్షియం తగ్గిందని గుర్తు, వెంటనే చెప్పాలి. అయితే మన దగ్గర అమ్మే కాల్షియం మాత్రల్లో కొన్నిటిని ఆయిస్టర్ షెల్, అంటే సముద్రపు ఆల్చిప్పల నుంచి తీస్తారు. అట్ట మీద ఆ మాట ఉంటే ఆసుపత్రి వాళ్ళకి చూపించి, మార్చాలో లేదో వాళ్ళనే చెప్పమనండి. బలం మాత్రల్లో, మల్టీవిటమిన్లలో అయోడిన్ కలిసి ఉంటుంది, ఆవిడవైతే ఆపాలి. మీకు గర్భానికి రాసిన మాత్రలు మీరు వేసుకోవాల్సిందే.

తిండి విషయంలో మీ అత్తగారికి కష్టమయ్యేది ఉప్పు కాదు, పెరుగు. పెరుగన్నం తినకుండా భోజనం అయిందనిపించుకోవడం మనవాళ్ళకి రాదు. కానీ ఒక గ్లాసు పాలతోనే ఆ రోజు కోటా అయిపోవచ్చు, పెరుగుకీ మజ్జిగకీ అదే లెక్క. చివర్లో చారన్నమో, ఎండలకి చల్లగా పచ్చిపులుసన్నమో పెట్టండి. కొబ్బరిపాలతో అన్నం వండితే కాస్త కమ్మగా ఉంటుంది. కాఫీ మానలేకపోతే పాలు లేని డికాక్షన్, లేకపోతే అల్లం టీ. నెయ్యిలో అయోడిన్ చాలా తక్కువే అయినా కొన్ని ఆసుపత్రుల పట్టికలు దాన్నీ వద్దంటాయి. ముద్దపప్పులో రెండు వారాలు వేరుశనగ నూనో నువ్వుల నూనో వేసుకుంటే ఆ చర్చే ఉండదు.

ఉదయం పెసరట్టు, అల్లం పచ్చడి. లేదా ఇడ్లీ, కొబ్బరి చట్నీ. మధ్యాహ్నం దోసకాయ పప్పో గోంగూర పప్పో, బెండకాయ వేపుడో వంకాయ కూరో. గోంగూర ఆకు నిక్షేపంగా తినొచ్చు, జాడీలో ఉన్న గోంగూర పచ్చడే వద్దు. బంగాళాదుంప పైతొక్క తీసి వండండి. బొబ్బర్లు, రాజ్మా కొన్ని పట్టికల్లో పరిమితం చేశారు, కంది, పెసర, మినప ఉండగా వాటి అవసరం లేదు. అరటి, జామ, బత్తాయి, మామిడి ఏ పండైనా సరే. మాంసాహారమైతే కోడి గానీ వేట గానీ రోజుకు 150 గ్రాములకి మించకుండా, కొట్టించి తెచ్చిన తాజా మాంసం. గుడ్డులో తెల్లసొన తినొచ్చు, అయోడినంతా పచ్చసొనలో ఉంటుంది. చేపలు, రొయ్యలు, పీతలు, ఎండు చేపలు వద్దు. చెరువు చేపలో సముద్రపు చేపకన్నా అయోడిన్ తక్కువన్న మాట నిజమే, కానీ చెరువుల్లో రోగాలు రాకుండా అయోడిన్ మందులు వాడేవాళ్ళున్నారు. రెండు వారాలకి బొచ్చె కూడా మానేస్తే పోయేదేమీ లేదు.

ఆవకాయ మాత్రం మానక్కర్లేదు. మామిడి ముక్క, ఆవపిండి, కారం, నువ్వుల నూనె, ఇందులో వేటితోనూ గొడవ లేదు, ఉన్నదంతా ఉప్పుతోనే. పరీక్షించిన ఉప్పు, ఇంట్లో కొట్టిన కారం వేసి చిన్న సీసాడు ఆవిడ కోసం కలపండి, మూడో రోజుకి తినొచ్చు. ఇంటి జాడీ మామూలు ఉప్పుతో, ఆవిడ పక్కన కూర్చుని కొలతలు చెబుతుండగా మీరో మామగారో కలపవచ్చు.

పెళ్ళికి వెళ్ళాలనిపిస్తే వెళ్ళనివ్వండి, ఓపిక ఉంటే. ఇంటి డబ్బాలోని అన్నం తిని వెళ్ళి, అక్కడ పండ్లు, కొబ్బరినీళ్ళు తీసుకుంటే సరి. బంతిలో కూర్చుంటే పక్కవాళ్ళు బలవంతపెడతారు, అప్పుడు కాదనడం కష్టం. గుడిలో ఎవరైనా పిడికెడు పులిహోర ప్రసాదం పెడితే, అందులో ఉప్పు గ్రాముకి మించదు, 15 నుంచి 30 మైక్రోగ్రాములు. ఆ రోజు మిగతావన్నీ సక్రమంగా ఉంటే కొంపేమీ మునగదు. ఒక పూట పొరపాటు జరిగితే పథ్యమంతా పోయినట్టు కాదు, అది చికిత్స రోజున చెప్పాల్సిన విషయం, అంతే. నిజానికి ఈ పథ్యం వల్ల కణాలు మందుని ఎక్కువ పీల్చుకుంటాయన్నది తెలిసిందే గానీ, అణువంత కూడా తప్పకుండా పాటించినవాళ్ళకే జబ్బు నయమవుతుందని రుజువు కాలేదు. అందుకని శ్రద్ధ చాలు, భయం వద్దు.

సోడియం బాగా తగ్గిందని రిపోర్టు వస్తే డాక్టరుని ఇంకో మాట అడగండి. థైరాయిడ్ మాత్ర ఆపకుండానే టీఎస్‌హెచ్ పెంచే ఇంజెక్షన్ ఉంది, 0.9 మిల్లీగ్రాముల చొప్పున వరుసగా రెండు రోజులు ఇచ్చి, మూడో రోజు రేడియో అయోడిన్ ఇస్తారు. వారాల తరబడి హార్మోన్ లేకుండా ఉండే బాధ తప్పుతుంది. ఖర్చు బాగా ఎక్కువ, అన్ని చోట్లా దొరకదు. మాత్ర ఆపి ఇప్పటికే వారమైంది కాబట్టి, ఆరోగ్యం సహకరిస్తే మొదలుపెట్టిన పద్ధతిలోనే పూర్తిచేయడం కూడా సబబే.

ఇక పుట్టింటి ప్రశ్న. ఇప్పుడు మీ అత్తగారిలో ఏ రేడియేషనూ లేదు. ఆ మందు మింగే క్షణం వరకు ఆవిడ కంచం ముట్టుకోవచ్చు, పక్కన పడుకోవచ్చు, బాబు ఒళ్ళో కూర్చోవచ్చు. కాబట్టి ఈ మూడు వారాలు మీరు అక్కడే ఉండి వండి పెట్టవచ్చు. మీరు దూరంగా ఉండాల్సింది మందు ఇచ్చాక. మూడో నెల దాటేసరికి కడుపులో బిడ్డకి సొంత థైరాయిడ్ పనిచేయడం మొదలవుతుంది, అది కూడా అయోడిన్‌ని పీల్చుకుంటుంది. ఐదో నెలలో మీరు అస్సలు రాజీపడకూడని విషయం ఇది. మందులో ఎక్కువ భాగం మొదటి రెండు మూడు రోజుల్లో మూత్రంతో పోతుంది, కొంత చెమటలో, ఉమ్ములో వస్తుంది. డోసుని బట్టి ఆసుపత్రిలో విడి గదిలో ఉంచి, రేడియేషన్ తగ్గాక పంపిస్తారు. ఇంటికొచ్చాక కూడా గర్భిణులకీ పిల్లలకీ దూరం ఉండాల్సిన రోజులు వేరే ఉంటాయి, డోసుని బట్టి కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాల దాకా.

మీరు బాబుని తీసుకుని మంగళగిరి వెళ్ళడం అన్నిటికన్నా సులువు. నానమ్మ దగ్గరికి వెళ్ళొద్దని నాలుగేళ్ళవాడిని రోజుకు ఎన్నిసార్లు ఆపగలరు? అప్పుడు ఆవిడని చూసుకోవడం మామగారి మీద, మీవారి మీద పడుతుంది, వారం ముందు నుంచే వాళ్ళకి ఆ వంట నేర్పి వెళ్ళాలి. లేదా అత్తగారే ఆ రోజులు తెనాలిలో ఉండవచ్చు. మీ ఆడపడుచు ఇంట్లో గర్భిణులు, చిన్నపిల్లలు లేకపోతే, ఆవిడ శ్రద్ధకి ఇది సరైన పని. కాకపోతే ఆసుపత్రి నుంచి అక్కడికి ప్రయాణం ఎలా చేయాలో వాళ్ళనే అడగాలి, బస్సులో పక్కపక్కన కూర్చుని కాదు. అందరూ ఒకే ఇంట్లో ఉండాల్సి వస్తే ఆవిడకి విడి గది, విడి బాత్‌రూము తప్పనిసరి. ఆరడుగుల దూరం, బట్టలు విడిగా ఉతకడం, ఆవిడ పక్క గానీ బాత్‌రూము గానీ మీరు శుభ్రం చేయకపోవడం. చిన్న ఇంట్లో ఇది మాటల్లో ఉన్నంత తేలిక కాదు.

వెళ్ళాలా వద్దా అన్నది మీకూ మీ ఆడపడుచుకీ మధ్య వాదన కానివ్వకండి. ఈసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు మీవారిని, వీలైతే ఆవిడని కూడా వెంట పంపి, అక్కడి రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్‌ని రెండు ప్రశ్నలు అడిగి కాగితం మీద రాయించుకోమనండి: ఐదో నెల గర్భిణి ఎన్ని రోజులు, ఎంత దూరంలో ఉండాలి, నాలుగేళ్ళ పిల్లాడు ఎన్ని రోజులు ఉండాలి. అదే కాగితం మీద పథ్యం ఏ రోజు ఆపాలో, థైరాయిడ్ మాత్ర ఏ రోజు మళ్ళీ మొదలుపెట్టాలో కూడా రాయించుకోండి. మామూలుగా మందు ఇచ్చిన ఒకటి రెండు రోజుల తర్వాత పథ్యం వదిలేయమంటారు, రెండు మూడు రోజుల్లో మాత్ర మొదలుపెడతారు. ఆ తేదీలు రాసివ్వకపోతే, భయం కొద్దీ నెలల తరబడి పథ్యం సాగదీసే ఇళ్ళే ఎక్కువ.